వీపు లేని కోటు

నేను ఒక కోటును. ముందు నుంచి చూస్తే కాలరు నిలబడ్డ నల్లటి నిండు కోటును. వెనక నుంచి చూస్తే నడిమికి చీల్చి నాడాలు కుట్టిన గుడ్డను. ఫోటో స్టూడియోలో మేకుకు తగిలించి ఉంటుంది చూడండి, పక్కన ఒక దువ్వెన, పౌడరు డబ్బా, మూలలు నల్లబడ్డ అద్దం, ఆ కోటును. మీలో చాలామంది నన్ను తొడుక్కున్నవాళ్లే. మీ హాల్ టికెట్టు మీద, పాస్‌పోర్టు మీద, పెళ్లిళ్ల బ్రోకరుకిచ్చిన ఫోటోలో మీ ఛాతీని కప్పింది నేనో, నాలాంటి ఇంకొకటో.

ఇప్పుడు నేను కోపంగా ఉన్నాను. ఎందుకో చెబుతాను. దానికి ముందు నా ధర చెప్పాలి. బజారులో చేతులు మారినదాన్ని, ధర చెప్పకుండా కథ చెప్పడం నాకు రాదు.

నన్ను కుట్టింది గుంటూరులో ఒక దర్జీ. నరసరావుపేట బ్యాంకులో పనిచేసే పెళ్లికొడుకు రిసెప్షన్ కోసం కుట్టాడు. లోపల కాన్వాసు, భుజాల్లో దూది, జేబులకు మెరిసే అస్తరు. ఆ రోజు నా విలువ పెళ్లికూతురి పట్టుచీరకు దీటు. పెళ్లికొడుకు నన్ను ఒక్క సాయంత్రం తొడుక్కుని, ఫోటోలు దిగి, కలరా ఉండల మధ్య బీరువాలో పెట్టాడు. మళ్లీ తీసేసరికి అతనికి పొట్ట వచ్చింది. బొత్తాం పట్టలేదు. "వెధవ కోటు, బిగుసుకుపోయింది" అన్నాడు. మనుషుల లెక్క అప్పుడే నాకు అర్థమైంది. పెరిగింది తమ పొట్ట, తప్పు మాత్రం గుడ్డది.

ఆ తర్వాత పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చే తిరుపతమ్మ గంప దింపింది. బ్యాంకాయన భార్య నన్ను తెచ్చి ఆమె ముందు వేసింది. తిరుపతమ్మ నన్ను తిప్పి చూసి, వేలితో గీకి, పెదవి విరిచింది.

"మనూళ్లో ఎండలకి ఇది ఎవుడు తొడుగుతాడమ్మా? గంగిరెద్దు మీద కప్పటానికా?"

"కొత్తదే తిరుపతమ్మా. ఒక్కసారే కట్టారు."

"ఒక్కసారే కట్టారంటే అందులోనే తెలుస్తంది గదా తల్లీ, ఎవురికీ పనికిరాలేదని."

చివరికి మూత లేని ఒక గిన్నెకు నన్ను ఇచ్చేశారు. అదే సాయంత్రం తిరుపతమ్మ బస్టాండు పక్క సందులో మస్తాన్ స్టూడియో ముందు గంప దించి, నన్ను మడత విప్పి, రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. "పెళ్లికొడుకు కోటు మస్తానూ. ఒక్క పూట కట్టింది. గుడ్డ చూడు, గుర్రం ఒంటి మీద నిగనిగలాగా." పొద్దున గంగిరెద్దు మీద గుడ్డను, సాయంత్రం గుర్రం ఒంటి మీద నిగనిగను. నాలో ఒక్క పోగు కూడా మారలేదు. మాట్లాడే మనిషి బేరానికి ఏ వైపు నిలబడింది అన్నదే మారింది.

మస్తాన్ నన్ను కొన్న మర్నాడే కత్తెర తీసుకుని వీపు చీల్చాడు. రెండు వైపులా నాడాలు కుట్టించాడు. ఇక లావువాడికీ నేనే, సన్నవాడికీ నేనే. నొప్పి లేదని అనను. కానీ ఫోటోకు వీపుతో పనేముంది? వ్యాపారమంతా ముందు వైపే. నేను నరసరావుపేట మొత్తాన్ని మోశాను. గల్ఫ్ వెళ్లే మేస్త్రీలు, పోలీసు సెలక్షన్లకు వెళ్లే కుర్రాళ్లు, పింఛను పుస్తకం కోసం వచ్చిన ముసలివాళ్లు. పైన నేను, కింద లుంగీ, మోకాళ్ల దాకా బురద. కెమెరాకు కనిపించిందే మనిషి.

ఆ స్టూడియోలో ఫోటోలు దిద్దే పనికి వచ్చిన అమ్మాయి పేరు హెప్సీబా. రొంపిచర్ల దగ్గర ఊరు. నాన్న కౌలు రైతు, పత్తి వేసేవాడు. ఆమె ఇంటర్ పాసైన ఏడాది పత్తికి గులాబీ పురుగు పడింది. కాలేజీ బస్సు ఎక్కడమా, జీతానికి రావడమా అన్న ప్రశ్నకు ఆ పురుగే జవాబు చెప్పేసింది. కంప్యూటరు ముందు కూర్చుని జనాల మొటిమలు చెరిపేది, కళ్ల కింద నలుపు తీసేది, మూసుకున్న కళ్లు తెరిపించేది. మస్తాన్ ఆమెను "అమ్మాయ్" అనేవాడు. ఆమె అతన్ని "బాబాయ్" అనేది. వరస ఎవరూ కలపలేదు, అలవాటుగా కుదిరిపోయింది.

రెండేళ్లు అలా పోయాక ఒక యూనివర్సిటీవాళ్ల ఆన్‌లైన్ బి.కాం.లో చేరింది. సర్కారు గుర్తింపు ఉన్నదే. చేరేముందు ఆమె, మస్తాన్ కలిసి ఆ గుర్తింపు సంగతి గుచ్చి గుచ్చి వెతికారు, కొత్త సంబంధం విచారించినట్టు. ఫోనును ప్రింటరుకు ఆనించి పెట్టుకునేది. అందులో ఒక సారు జమాఖర్చులు చెబుతుంటే ఒక చెవికి ఆయన్ని, ఒక చెవికి గిరాకీని పెట్టుకునేది. "అమ్మాయ్, చెవులు కనపడాలంట" అని ఎవరో పెద్దాయన అడిగితే, "కనపడతాయి తాతా, తల దువ్వుకో" అని, మళ్లీ ఫోను వైపు తిరిగి రాసుకునేది.

ఆ రోజుల్లోనే ఇంకో కుర్రాడు నన్ను ఏటా తొడుక్కునేవాడు. వినుకొండలో మేనమామ ఎరువుల కొట్లో పనిచేస్తూ, పేరుకు ఇక్కడొక కాలేజీలో డిగ్రీ చదువుతున్నాడు. ఏటా ఐడీ కార్డు ఫోటోకు మాత్రం వచ్చేవాడు.

"కాలేజీ ఎట్టుంది తమ్ముడూ?" అని హెప్సీబా ఒకసారి అడిగింది.

"నాకేం తెలుసక్కా, నాన్ అటెండింగ్ గదా. ఫీజు మనది, హాజరు వాళ్లది."

"మరి పరీక్షలు?"

"అప్పటికి ఎవరో ఒకరు చూసుకుంటారు" అని నవ్వి, నా కాలరు సర్దుకున్నాడు. అతని పట్టా మీద రెగ్యులర్ అనే ఉంటుంది. చదివిన చోటు ఎరువుల కొట్టు అని ఎవరూ రాయరు.

హెప్సీబా పరీక్ష ఎలా రాసిందో కూడా నేను చూశాను. కంప్యూటరు మీది కెమెరా ఆమె మొహాన్నే చూస్తూ ఉండాలి. చూపు పక్కకు పోకూడదు. గదిలో ఇంకో గొంతు వినిపించకూడదు. మస్తాన్ షట్టరు దించేశాడు. ఫ్యాను చప్పుడు చేస్తుందని ఆపేశాడు. ఎండాకాలం, రేకుల కప్పు. సరిగ్గా అప్పుడే బయట ఎవరో షట్టరు మీద దబదబా బాదడం మొదలుపెట్టారు.

"మస్తాన్ భాయ్, లోపలున్నావని తెలుసు. నీ చెప్పులు బయటున్నాయి. అర్జెంటు ఫోటో."

తెర మీద ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక వెలిగింది. మస్తాన్ నా పక్కనే గోడకు అంటుకుపోయి, నోటి మీద వేలేసుకుని నిలబడ్డాడు. ఎవరికి చెబుతున్నాడో అతనికే తెలియదు. హెప్సీబా తల తిప్పలేదు. చెమట కనుబొమల మీదుగా కంట్లోకి దిగుతున్నా చెయ్యెత్తి తుడుచుకోలేదు. చెయ్యి మొహానికి అడ్డం వస్తే అదొక తప్పు. మండే కళ్లతోనే రాసింది. ఆ చెమటను ఏ పట్టా మీదా అచ్చువేయరు.

పాసైంది. ఫస్ట్ క్లాసు. పట్టా కాపీ మెయిల్లో వస్తే మస్తాన్ దాన్ని ఫోటో కాగితం మీద ప్రింటు తీసి, పక్క కొట్లవాళ్లకు బూందీ పంచాడు. "మా అమ్మాయి బి.కాం." అన్నాడు ప్రతివాడికీ, వాడు అడిగినా అడగకపోయినా.

కానీ స్టూడియో పని అయిపోవచ్చింది. జనం ఫోన్లలో ఫోటోలు తీసుకోవడం మొదలుపెట్టారు. గోడ ముందు నిలబడి తీసుకుంటే ఫోనే వెనకాల తెలుపు చేస్తోంది, ఫోనే కోటు కూడా తొడుగుతోంది. ఆఫీసులు ఆ ఫోటోలు తీసుకుంటున్నాయి. ఫోన్లో తీసిందా, స్టూడియోలో తీసిందా అని ఎవరూ అడగలేదు. మొహం ఆ మనిషిదేనా అని చూశారు, అంతే. మస్తాన్ నెలాఖరుకు షట్టరు దించేస్తానని కొట్టు యజమానికి మాటిచ్చేశాడు. హెప్సీబాకు ఇంకో పని కావాలి. ఏదో ఒక పని కాదు, ఆ బి.కాం. లెక్కకొచ్చే పని. ఇంటర్‌తో దొరికే పనులు చదవకముందు కూడా దొరికేవి గదా.

ఊరి బయట జిన్నింగ్, స్పిన్నింగ్ రెండూ ఉన్న పత్తి మిల్లు ఒకటుంది. అక్కౌంట్స్‌లో మనిషి కావాలని ప్రకటన వేశారు. డిగ్రీ ఉండాలి, జీతం మంచిది, పీఎఫ్ ఉంది, స్టాఫు బస్సుంది. ఆమె దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూ వీడియోలో అన్నారు. మస్తాన్ తెల్ల తెర దించి, లైట్లు వేసి, నన్ను ఆమెకు తొడిగి వెనక నాడాలు కట్టాడు.

తెర మీద మేనేజరు పానకాలరావు కనిపించాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. మధ్యలో కిటికీ వేయడానికి లేస్తే కింద గళ్ల లుంగీ కనిపించింది. నేను తప్పు పట్టను. ముందు వైపు వ్యాపారమే నాదీ.

అడిగినవన్నీ చెప్పింది. జీఎస్టీ గురించి అడిగాడు, చెప్పింది. సరుకు తిప్పి పంపితే లెక్కలో ఎక్కడ చూపించాలన్నాడు, చెప్పింది. అతని మొహం విచ్చుకుంది.

"బాగా చెప్తన్నావమ్మా. ఏ కాలేజీ?"

"ఆన్‌లైన్ సార్. యూనివర్సిటీదే. యూజీసీ గుర్తింపుంది."

అన్నంలో రాయి తగిలినట్టు అతని దవడ ఆగింది. "అంటే ఫోన్లోనా?"

"ఫోన్లో, కంప్యూటర్లో సార్. రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ చెప్పింది."

"గవర్నమెంటు లక్ష చెప్పుద్ది. ఫోన్లో చదివితే అది చదువెట్టా అవుద్ది? మనిషి ఎదురుగా కూర్చోవాల. ఎదురుగా లేకపోతే మనిషి సంగతి ఎట్టా తెలుస్తది?" అంటూ జారిపోతున్న తన ఫోనును పెన్నుల స్టాండుకు ఆనించుకున్నాడు. "వినపడతందా? నీ మొకం ఆగిపోయింది. సరే, చెప్తాంలే."

తెర నల్లబడింది. హెప్సీబా నాడాలు విప్పుకోలేదు. ఆమె గుండె నా అస్తరుకు కొట్టుకుంటోంది. మస్తాన్ లైట్లు ఆపేశాడు.

"ఈ మాట ముందే అడిగుంటే ఇన్ని ప్రశ్నలు మిగిలేవి గదా" అన్నాడు.

రెండు రోజుల తర్వాత పానకాలరావే కారులో స్టూడియోకు వచ్చాడు.

"మస్తానూ, కోటు మీద ఒక ఫోటో కావాల. ఫ్లెక్సీకి."

"ఏం ఫంక్షను సార్?"

"డాక్టరేట్ వచ్చింది."

"మీరు డాక్టరా సార్, ఇప్పుడు?"

"ఆ డాక్టరు కాదయ్యా. గౌరవ డాక్టరేట్. సేవకిచ్చారు."

"ఎవురికి చేసిన సేవకి సార్?"

"సమాజానికి" అన్నాడు పానకాలరావు, అద్దంలో మీసం సర్దుకుంటూ.

నన్ను తొడుక్కున్నాడు. నాడాలు అందక మస్తాన్ మధ్యలో ఇంకో ముక్క కట్టాడు. ఫోటో అయింది. నన్ను విప్పడం మరిచి, అలాగే వచ్చి హెప్సీబా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"నువ్వు ఆ అమ్మాయివి గదా?"

"అవును సార్."

"మంచిది. దీనికి గౌను పెట్టు. ఎర్ర పట్టీ ఉంటది చూడు, అది. టోపీ కూడా, కుచ్చు వేలాడేది. గడ్డం కింద కొంచెం తగ్గించు."

ఆమె గౌను వెతికి తీసింది. తను పట్టా పుచ్చుకున్న రోజు ఆమెకు గౌను లేదు, టోపీ లేదు, మెయిలు వచ్చిందంతే. ఇప్పుడు ఇతని మెడ దగ్గర గౌను అంచు అతుకు కనిపించకుండా ఓపిగ్గా దిద్దుతోంది.

"ఏ యూనివర్సిటీ అని వెయ్యమంటారు సార్?"

అతను జేబులోంచి కాగితం తీసి పొడుగాటి ఇంగ్లీషు పేరొకటి చదివాడు. "ఏదో దీవిలో ఉందంట."

"మీరు వెళ్లారా సార్?"

"వెళ్లేదేముంది? ఆదివారం జూమ్‌లో పెట్టారు. అరగంటలో అయిపోయింది."

మస్తాన్ తల పైకెత్తి ఫ్యాను వైపు చూస్తూ ఉండిపోయాడు. హెప్సీబా మౌసు ఆగింది. నేను అతని ఛాతీ మీదే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, అతని గుండె మాత్రం ఎక్కడా తడబడలేదు. తను ఏమన్నాడో అతనికి వినిపించలేదు. ఇంకొంచెం ముందుకు వంగి, మంచి మాట చెప్పబోయే గొంతుతో అన్నాడు:

"నీ సంగతి ఆలోచించానమ్మాయ్. పిల్ల చురుకైంది, వదులుకోటం ఎందుకు? ఒక పని చెయ్యి. అప్లికేషన్లో డిగ్రీ కొట్టేసి ఇంటర్ అని రాయి. రేపే చేరు. సీటు అదే, పని అదే. జీతం మాత్రం ఇంటర్ గ్రేడు."

"పని అదేనా సార్? జీఎస్టీ, బ్యాంకు స్టేట్‌మెంట్లు?"

"అవన్నీ నీకొచ్చు గదా."

అదీ సంగతి. అప్పటిదాకా నేను కూడా అనుమానమనే అనుకున్నాను. ఊరూ పేరూ లేని యూనివర్సిటీలు, డబ్బుకు పట్టాలమ్మేవాళ్లు నిజంగానే ఉన్నారు. కొనేవాడు జాగ్రత్తపడితే తప్పేముంది అనుకున్నాను. ఇది జాగ్రత్త కాదు.

అయ్యా, ఉద్యోగాలిచ్చే పెద్దలూ, మీతో మీ బజారు భాషలోనే మాట్లాడతాను. మీకు నమ్మకం లేకపోతే మచ్చు తీయండి. బస్తాలోకి చెయ్యి పెట్టి, అడుగు నుంచి పిడికెడు తీసి, వాసన చూసి, నమిలి చూడండి. ఎంత కఠినమైన పరీక్ష కావాలో పెట్టండి. అది కొనేవాడి హక్కు. కానీ మచ్చు తీసి, బాగుందని తలూపి, ఆ తర్వాత బస్తా ఏ బండిలో వచ్చిందని అడిగి, ఆ బండి వంకతో ధర కొయ్యడాన్ని అనుమానం అనరు. బేరం అంటారు. అది కూడా నిజాయితీ బేరం కాదు. చదువు పనికిరాదని ధర తగ్గించి, ఆ చదువునే పనికి వాడుకుంటామన్నారు. తిరుపతమ్మ నన్ను మూత లేని గిన్నెకు కొన్నప్పుడు కూడా గంగిరెద్దు కోసమని చెప్పింది కానీ, ఇంత మొహమాటం లేకుండా, కొనేటప్పుడే ఎదుట నిలబడి "నిన్ను పెళ్లికొడుకు కోటుగానే అమ్ముతాలే" అనలేదు.

ఎరువుల కొట్టు కుర్రాడు మీ దగ్గరికొస్తే రెగ్యులర్ అని చూసి కుర్చీ వేస్తారు. ఒక్క రోజైనా కాలేజీ మెట్లెక్కావా అని అడగరు. దీవి నుంచి వచ్చిన అరగంట పట్టాకు ఫ్లెక్సీ కడతారు. మూడేళ్లు కళ్లు మండించుకున్న పిల్లను ఆ మూడేళ్లు తన చేత్తోనే కొట్టేసుకోమంటారు. మీ చేత్తో కొట్టేస్తే తప్పు మీదవుతుందని భయం.

హెప్సీబా ఫోటోను సేవ్ చేసింది. కుర్చీ తిప్పి అతని వైపు చూసింది.

"మా నాన్న మీ మిల్లుకి పత్తి తోలేవాడు సార్."

"అట్టనా. ఏ ఊరు మీది?"

"రొంపిచర్ల పక్కన. తేమ ఎక్కువుందని మీ కాటా దగ్గర ధర తగ్గించేవాళ్లు. మా నాన్న సరే అనేవాడు. ఒకసారి అడిగాడంట, తేమ పత్తని తక్కువిచ్చారు గదా, దీంతో తీసిన నూలు కూడా తక్కువకే అమ్ముతారా అని."

"ఏమన్నారు మావాళ్లు?"

"నవ్వారంట సార్."

పానకాలరావు కూడా నవ్వబోయి సగంలో ఆగాడు.

"ఇంటర్ అని రాస్తే ఇంటర్ పని చేస్తాను సార్. ఫోన్లెత్తుతాను, ఫైళ్లు సర్దుతాను. జీఎస్టీ మాత్రం అడగొద్దు. అది నేను డిగ్రీలో చదివాను. దాన్ని మీరు కొట్టెయ్యమన్నారు."

"ఇంత పొగరు పనికిరాదమ్మాయ్. ఇంటర్ అని రాయటానికి బయట బోలెడుమందున్నారు."

"ఉంటారు సార్. టోపీ సరిగ్గా కూర్చుందో లేదో ఒకసారి చూసుకోండి."

అతను చూసుకోలేదు. విసవిసా కారు దాకా నడిచాడు. నేను ఇంకా అతని మీదే ఉన్నాను. వెనక నుంచి చూసిన టీ కొట్టు జనానికి నాడాలు, ఆ నాడాల మధ్య చెమటకు అంటుకుపోయిన చొక్కా కనిపించాయి. "సార్, కోటు" అంటూ మస్తాన్ పరిగెత్తుకొచ్చి, కారు తలుపు దగ్గర నన్ను విప్పి తీసుకున్నాడు.

లోపలికి వచ్చి నన్ను మేకుకు తగిలించి, హెప్సీబా మీద విరుచుకుపడ్డాడు.

"నెలాఖరుకి షట్టరు దించుతన్నానని నీకు తెలుసు. ఇంటరో గింటరో, అన్నం పెట్టుద్ది గదే. లోపలికి పొయ్యాక తర్వాత చూసుకోవచ్చు గదా."

"లోపలికి పోయినాక ఎవురు చూస్తారు బాబాయ్? తక్కువకి కొన్నదాన్ని ఎవరన్నా పిలిచి ఎక్కువిస్తారా?"

"నువ్వొక్కదానివీ రాయకపోతే ఏమవుద్ది?"

"నేను రాస్తే నా తర్వాత వచ్చే పిల్లకి కూడా అదే రాయమంటాడు. 'పోయినసారి అమ్మాయి రాసింది గదా' అంటాడు. పత్తి యార్డులో ఒకడు తగ్గించి అమ్మితే ఆ రోజు అందరి రేటు పడుద్ది. మా నాన్న ఎప్పుడూ భయపడి ముందే అమ్మేవాడు. ఊరంతా తిట్టేది. నాకు ఆ తిట్లు గుర్తున్నాయి."

"నేను తిండి సంగతి చెప్తంటే నువ్వు యార్డు సంగతి చెప్తన్నావు" అని మస్తాన్ గొణిగి, టీ చెప్పడానికి బయటికి పోయాడు.

నేను బేరాలు చూసినదాన్ని. నన్నడిగి ఉంటే మస్తాన్ మాటే చెప్పేదాన్ని. ముందు లోపల కాలు పెట్టు, తర్వాత ధర పెంచుకో అనేదాన్ని. ఆ రోజంతా మేకుకు వేలాడుతూ లెక్క వేసి చూసుకున్నాను. చవగ్గా కొన్న సరుకును చవగ్గానే వాడతారు. పొయ్యి దగ్గర మసిగుడ్డ అయ్యాక పట్టుగుడ్డ కూడా మళ్లీ పట్టుగుడ్డ కాదు. లెక్క ఆమెదే సరైంది. కానీ ఆ లెక్క ఆ నెల ఇంటికి బియ్యం తేలేదు. సరైన లెక్కలన్నిటికీ ఉన్న జబ్బే అది.

స్టూడియో మూతపడింది. కెమెరా ఎవరో కొన్నారు, అద్దాన్ని మంగలి షాపువాళ్లు తీసుకుపోయారు. నన్ను ఎవరూ అడగలేదు. చివరికి మిల్లు వాచ్‌మన్ వచ్చి, "మా కొత్త గోడౌన్‌కి దిష్టిబొమ్మ కట్టాల, పాతగుడ్డ ఏదన్నా ఉందా మస్తాన్ భాయ్?" అన్నాడు. మస్తాన్ నన్ను రెండు నిమిషాలు చేతిలో పట్టుకుని, తర్వాత ఇచ్చేశాడు.

ఇప్పుడు నేను మిల్లు గేటు పక్క గోడౌను మీద ఉన్నాను. లోపల గడ్డి, పైన కుండ, కుండ మీద సున్నంతో పళ్లు, మసితో మీసం. మిల్లువాళ్లు నాకు కొలువిచ్చారు. ఏ కాలేజీ అని అడగలేదు. గేటు లోపలికి వచ్చేవాడు, పోయేవాడు నా వైపు ఒకసారి తలెత్తి చూస్తాడు. పానకాలరావు కారు దిగితే డ్రైవరు ఇప్పుడు "డాక్టర్ గారూ" అంటాడు.

ఇక్కడి నుంచి గేటు బాగా కనిపిస్తుంది. ఉద్యోగానికి వచ్చేవాళ్లను వాచ్‌మన్ అక్కడే ఆపుతాడు. "రెగ్యులరా, ఆన్‌లైనా?" అంటాడు. అది అతని మాట కాదు, నేర్పిన మాట. ఆన్‌లైన్ అంటే చాలు, జేబులోంచి పెన్ను తీసి ఇస్తాడు. "డిగ్రీ గడిలో గీత కొట్టి ఇంటర్ అని రాయండమ్మా. లోపలికి పోయాక మళ్లీ టైమవుద్ది." చాలామంది రాస్తారు. గోడకు కాగితం ఆనించి, కొందరు మోకాలి మీద పెట్టి రాస్తారు. వాళ్లను నేను ఏమీ అనను. ఆకలి కడుపుతో వచ్చినవాడితో ధర మాట్లాడకూడదు. నా తిట్లన్నీ లోపల కూర్చున్నవాళ్లకే.

హెప్సీబా చిలకలూరిపేటలో ఒక ఆడిటరు దగ్గర చేరింది. జీతం స్టూడియోలో వచ్చినదానికంటే మరీ ఎక్కువేం కాదు. కానీ ఆఫీసు రిజిస్టరులో ఆమె పేరు పక్కన బి.కాం. అని ఉందట. షేరు ఆటో మిల్లు గేటు ఎదురుగానే ఎక్కాలి కాబట్టి రోజూ కనిపిస్తుంది. నా వైపు చూసినా నేనెవరో ఆమెకు తెలియదు. గడ్డి నింపాక వీపు కూడా వచ్చింది నాకు.

మొన్న పొద్దున గేటు దగ్గర ఇద్దరమ్మాయిలు నిలబడ్డారు. చేతుల్లో ఫైళ్లు, ఒకే ఊరివాళ్లు కాబోలు, ఒకే రంగు చున్నీలు. వాచ్‌మన్ పెన్ను అందించాడు. హెప్సీబా రోడ్డు దాటి వచ్చింది.

"ఏం చదివారమ్మా?"

"బి.కాం. అక్కా. ఆన్‌లైన్లో."

"అయితే బి.కాం. అనే ఉంచండి. గీత కొట్టొద్దు."

"కొట్టకపోతే లోపలికి పంపరంట అక్కా."

"కొడితే మీరు లోపలికి పోరు. ఇంటర్ చదివిన ఇంకెవురో పోతారు. మీ పనంతా మీరే ఆమె పేరు మీద చేస్తారు."

వాచ్‌మన్ "మధ్యలో నీకెందుకమ్మా?" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు, ఎండకు విసిగిపోయిన మనిషి గొంతు అది. ఇద్దరిలో పొట్టి అమ్మాయి ఫైలు గుండెకు ఆనించుకుంది.

"మా ఇంట్లో పరిస్థితి బాలేదక్కా."

"తెలుసమ్మా" అంది హెప్సీబా. ఆ అమ్మాయి పెన్ను తీసుకుని, గోడకు కాగితం ఆనించి, గీత కొట్టి, లోపలికి నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు.

రెండో అమ్మాయి అక్కడే ఉండిపోయింది. గేటు వైపొకసారి, రోడ్డు వైపొకసారి చూసింది.

"మీరు పనిచేసే చోట ఖాళీ ఉందా అక్కా?"

"లేదు. మా ఆడిటరు ఆఫీసు పక్కనే ఇంకో ఆడిటరు ఉన్నాడు, అడుగుదాం. ఉంటదో లేదో తెలీదు. అడగటం మాత్రం బి.కాం. అనే అడుగుదాం."

ఇద్దరూ ఆటో ఎక్కారు. ఆటో కదిలేలోపు గేటు ముందుకు ఇంకో పిల్లవాడు ఫైలుతో వచ్చి నిలబడ్డాడు. వాచ్‌మన్ అదే పెన్ను మూత తీసి అతని చేతికిచ్చాడు.